సాహస కాల్పనిక నవలా రచన – నాలుగో పాఠం: డ్రాగన్‌తో నాయిక తొలి పరిచయం

గత మూడు పాఠాల్లో నాయిక వయసును, ఆమె ఊరిని, ఆమె ఇల్లు దాటవలసి వచ్చిన కారణాన్ని నిర్ణయించుకున్నాం. మన అభ్యాస కథలో నాయిక పేరు కేతకి, వయసు పదమూడేళ్లు, ఆమె కుటుంబం సముద్రపు ఒడ్డున ఉప్పు మడుల్లో పని చేసుకొని బతుకుతుంది, ఊరి వెనుక కొండ గుహలో డ్రాగన్ ఉందని అందరికీ తెలుసు కాని చూసినవారు తక్కువ. ఈ పాఠంలో ఆ ఇద్దరినీ ఒకచోట చేర్చి, స్నేహానికి తొలి అడుగు వేయించాలి. ఈ తరహా నవలల్లో చాలావరకు చతికిలపడేది ఇక్కడే. నాయికను డ్రాగన్ వీపు మీద ఎక్కించి ఆకాశంలోకి పంపాలన్న తొందరలో, అంత పెద్ద మృగం ఒక చిన్నపిల్లను తన దగ్గరకు ఎందుకు రానిచ్చిందన్న ప్రశ్నను రచయిత దాటవేస్తాడు. పాఠకుడు మాత్రం దాన్ని దాటవేయడు.

ఒక ఆడపిల్ల, ఒక డ్రాగన్ పక్కపక్కన నిలబడే దృశ్యం ఈ కాలపు కల్పన కాదు. 13వ శతాబ్దంలో యాకోబుస్ దె వొరాజినే లాటిన్‌లో కూర్చిన సాధువుల చరిత్రల్లో సెయింట్ జార్జ్ కథ ఉంది. అందులో డ్రాగన్‌కు ఆహారంగా పంపిన రాజకుమార్తె, జార్జ్ దాన్ని బల్లెంతో గాయపరచి చెప్పిన మీదట, తన నడికట్టును దాని మెడకు వేస్తే, అది పెంపుడు కుక్కలా ఆమె వెంట నగరంలోకి నడిచి వస్తుంది. నగరవాసులు మతం మారడానికి ఒప్పుకున్న తరువాత జార్జ్ దాన్ని చంపుతాడు. అదే గ్రంథంలో సెయింట్ మార్తా, ఫ్రాన్సు దక్షిణాన రోన్ నది ఒడ్డున తరాస్క్ అనే మృగాన్ని పవిత్రజలంతో, శిలువతో శాంతింపజేసి నడికట్టుతో కట్టివేస్తుంది; గొర్రెపిల్లలా నిలబడిన ఆ మృగాన్ని ఊరివాళ్లు బల్లేలతో, రాళ్లతో చంపేస్తారు. ఐస్లాండ్‌లో రాసిన రాగ్నార్ లోద్‌బ్రోక్ గాథలో థోరా అనే జమీందారు కూతురికి తండ్రి ఒక చిన్న పామును కానుకగా ఇస్తాడు. ఆమె దాన్ని పెట్టెలో, బంగారం పరిచి పెంచుతుంది. అది పెరిగి పెట్టెను, ఆపైన ఆమె మేడనే చుట్టేసుకొని, పూటకొక ఎద్దును తినే దశకు చేరుకుంటుంది. చివరికి తారు పూసిన బొచ్చు దుస్తులతో వచ్చిన రాగ్నార్ చేతిలో చస్తుంది, థోరా అతనికి భార్య అవుతుంది.

ఈ మూడింటిలో నాకు ఎక్కువ పనికొచ్చేదిగా కనిపించేది థోరా కథ, ఎందుకంటే అందులో పెంపకానికి ఖర్చు ఉంది. పూటకు ఎద్దు అంటే ఎవరో ఆ ఎద్దును తేవాలి, ఎవరో దాన్ని పోగొట్టుకోవాలి, ఆ పోగొట్టుకున్నవాడికి థోరా మీద ఏదో ఒక అభిప్రాయం ఉండి తీరాలి. అయితే మూడు కథల్లోనూ లేనిది మరొకటుంది: మృగం అభిప్రాయం. దాన్ని కడతారు, నడిపిస్తారు, మేపుతారు, చంపుతారు. తనకు ఇష్టమా అని దాన్ని ఎవరూ అడగరు. ఇప్పటి రచయిత పని అక్కడినుంచి మొదలవుతుంది. నాయికను కాదనగలిగిన స్థితిలో ఉండి కూడా డ్రాగన్ ఆమెను రానిచ్చినప్పుడే దాన్ని స్నేహమనగలం. మంత్రంతోనో, నడికట్టుతోనో, జన్మజన్మల బంధమన్న ఒక్క మాటతోనో దాన్ని లొంగదీస్తే మిగిలేది వాహనమే.

గుడ్డు పగిలిన క్షణంలో ఎదుట కనిపించిన పిల్లతో డ్రాగన్‌కు విడదీయరాని బంధం ఏర్పడటమనే పద్ధతి చాలా నవలల్లో కనిపిస్తుంది కనుక దాని సంగతి ఇక్కడే తేల్చుకుందాం. ప్రకృతిలో దానికి దగ్గరి పోలిక ఉంది. ఆస్ట్రియాకు చెందిన కోన్రాడ్ లోరెంజ్ 1930లలో బూడిదరంగు బాతులను పరిశీలించి, గుడ్డులోంచి వచ్చిన కొద్ది గంటల్లో తమ ముందు కదిలిన జీవిని, అది మనిషైనా సరే, అవి తల్లిగా వెంబడిస్తాయని చూపించాడు. జంతు ప్రవర్తన మీద చేసిన కృషికి 1973లో నోబెల్ బహుమతిని మరో ఇద్దరితో కలిసి పంచుకున్నాడు. కాని ఆ బాతుపిల్ల లోరెంజ్‌ను ఎంచుకోలేదు, అతను ఎలాంటివాడో దానికి తెలియదు. నవలలో ఈ పద్ధతి వాడుకోవాలంటే వాడుకోండి. కాకపోతే అసలు కథ డ్రాగన్ పెద్దదై, తాను ఎవరి వెంట నడుస్తున్నదో తొలిసారి ఆలోచించిన రోజున మొదలవుతుందని గుర్తుంచుకోండి. ఆ రోజును రాయని నవల సగంలో ఆగిన నవల.

ఎదిగిన మృగంతో పరిచయానికి నేను ప్రతి విద్యార్థికీ సూచించే నమూనా కల్పితం కాదు. 1960 జూలైలో ఇరవై ఆరేళ్ల జేన్ గుడాల్ టాంగన్యీకా సరస్సు ఒడ్డున ఉన్న గోంబె అడవిలో చింపాంజీలను గమనించడానికి దిగింది. మొదట్లో అవి ఆమెను ఎంతో దూరం నుంచి చూసి కూడా పారిపోయేవి. ఆమె వాటిని తరమలేదు, దాక్కోనూ లేదు. రోజూ ఒకే రంగు దుస్తుల్లో, వాటికి కనిపించే చోట కూర్చుంది. నెలల తరబడి సాగిన ఆ కూర్చోవడం తరువాత, తెల్లగడ్డం వల్ల ఆమె డేవిడ్ గ్రేబియర్డ్ అని పేరు పెట్టిన మగ చింపాంజీ ఆమెను చూసి పారిపోవడం మానేసింది. తరువాత ఒకనాడు ఆమె దానికి ఒక తాటిజాతి చెట్టు పండును అరచేతిలో పెట్టి చాచింది. అది ముఖం తిప్పుకుంది. ఆమె చేతిని ఇంకాస్త ముందుకు చాచింది. అప్పుడది ఆమె వైపు చూసి, పండు తీసుకొని, కింద పడేసి, ఆమె చేతిని మెల్లగా పట్టుకుంది. పండు దానికి అక్కరలేదు, ఆమె ఇవ్వాలనుకున్నదని మాత్రం దానికి అర్థమైంది. కానుకను తిరస్కరించి ఇచ్చిన మనిషిని స్వీకరించడం కంటే బలమైన తొలి పరిచయ దృశ్యాన్ని ఊహించి రాయడం కష్టం.

ఇప్పుడు మన కథకు వద్దాం. డ్రాగన్‌కు కేతకి వల్ల కలిగే ప్రయోజనం ఏమిటి? బంగారం, మాంసం, రక్షణ, ఇవేవీ ఆమె దగ్గర లేవు. అందుచేత డ్రాగన్ శరీరంలోనే ఒక అవసరాన్ని వెతుకుదాం. పాము కుబుసం విడిచే ముందు దాని కళ్లు పాలరంగుకు తిరిగి చూపు మసకబారుతుంది. ఆ రోజుల్లో అది కదలక దాక్కుంటుంది, ముట్టుకుంటే మామూలుకంటే త్వరగా కాటేస్తుంది. గాలిలో తేమ చాలకపోతే కుబుసం ఒక్కసారిగా ఊడక ముక్కలుగా మిగిలిపోయి, కంటి మీది పొర కూడా అలాగే అంటుకొని ఉండవచ్చు. బల్లిజాతి జీవుల్లో కాలివేళ్లకు చుట్టుకొని మిగిలిన పాతచర్మం బిగిసి, రక్తం ఆడక, వేలే పోయే సందర్భాలున్నాయి. వానలు తప్పిన సంవత్సరంలో మన డ్రాగన్ కుబుసం విడవలేక, కళ్ల మీది పొర ఊడక గుహలో పడి ఉందనుకోండి. దాని గోళ్లు ఆ పొరను తీయలేవు, తీయబోతే కంటినే చీల్చుతాయి. నీళ్లతో నానబెట్టి చిన్న వేళ్లతో తీయాలి. చిన్న వేళ్లు కేతకికి ఉన్నాయి.

గుహ దృశ్యానికి నేను రాసిన నమూనా ఇది:

“గుహ వాకిట కేతకి కుండ దించింది. లోపలినుంచి వచ్చే ఊపిరి వేడిగా, తడి సున్నం వాసనతో ఉంది. ‘వాన నీళ్లు తెచ్చాను,’ అంది. చీకట్లో ఒక తల కదిలింది. కళ్లు ఉండవలసిన చోట రెండు తెల్లటి పొరలున్నాయి. ఆ తల ఆమె వైపు కాక, ఆమెకు రెండడుగుల ఎడంగా తిరిగి ఆగింది. దానికి తాను కనిపించడం లేదని కేతకికి అప్పుడు తెలిసింది. ఆమె వంగి ఒక గులకరాయి తీసుకొని, తన కాలి పక్కనున్న బండ మీద రెండుసార్లు కొట్టింది. తల సరిగ్గా ఆమెకు ఎదురుగా తిరిగింది. తడిపిన గుడ్డ చేత పట్టుకొని కేతకి ఒక అడుగు వేసింది. పళ్లు కనబడ్డాయి. వేసిన అడుగు వెనక్కి తీసుకుంది. గుడ్డను కుండ అంచున ఆరవేసి ఇంటికి వెళ్లిపోయింది. మర్నాడు కుండ ఖాళీగా ఉంది. గుడ్డ మాత్రం ఆమె వేసినచోటే, వేసినట్టే ఉంది.”

ఈ దృశ్యానికి ఇరుసు గులకరాయి. డ్రాగన్‌కు కళ్లు కనిపించవని తెలిసిన క్షణంలో కేతకికి జీవితంలో మొదటిసారిగా తనకంటే బలమైనదాని మీద పైచేయి దొరికింది, ఆమె దాన్ని తనంతట తానే వదులుకుంది. “నేను నీకు హాని చేయను” అన్న మాట ఆమె చేత పలికించి ఉంటే చేసేది తక్కువ, విసిగించేది ఎక్కువ. రెండో సంగతి, డ్రాగన్ నీటిని తీసుకొని గుడ్డను కాదన్నది. అంటే దానికి అవసరం ఉంది, నమ్మకం ఇంకా లేదు. ఆ రెంటి మధ్య ఉన్న దూరమే మీ తరువాతి మూడు నాలుగు ప్రకరణాలు. కళ్ల పొర తీసే దృశ్యాన్ని ఇప్పుడే రాయకండి. దానికి ముందు ఒకసారి కేతకి రాలేకపోవాలి, ఒకసారి డ్రాగన్ ఆమెను భయపెట్టాలి, ఆమె ఆ నీళ్లు ఎవరి కడవలోంచి తెస్తున్నదో ఊరికి తెలియాలి. వాన తప్పిన ఏట మంచినీళ్లే ఊరికి ఎద్దు.

డ్రాగన్ మాట్లాడాలా వద్దా అన్నది మీ ఇష్టం. మాట్లాడితే మాత్రం అది లోకజ్ఞానం బోధించే ముసలి తాతలా తయారుకాకుండా చూడండి. నాయికకు తెలియని పూర్వకథను మొత్తం చెప్పించడానికి డ్రాగన్‌ను వాడుకోవడం సోమరి పని. ఉర్సులా లెగ్విన్ ఎర్త్‌సీ కథల్లో డ్రాగన్లు ఒక ఆదిమ భాష మాట్లాడతాయి, ఆ భాషలో మనిషి అబద్ధం ఆడలేడు, డ్రాగన్ ఆడగలదు. ఆ ఒక్క నియమంతో ప్రతి సంభాషణ ప్రమాదకరమవుతుంది. మీరూ అలాంటి ఒక అసమానతను నిర్ణయించుకోండి. తెలుగులో రాస్తున్నందువల్ల మనకు అదనంగా దొరికే పనిముట్టు సంబోధన. నాలుగు వందల ఏళ్ల జీవిని కేతకి మొదట “మీరు” అనే పిలుస్తుంది. ఆమె నోట తొలిసారి “నువ్వు” ఏ సందర్భంలో వస్తుందో ముందే ఆలోచించి పెట్టుకోండి. అది ముద్దుతో కాక కోపంతో రావడం మేలని నా అభిప్రాయం, ఎందుకంటే కోప్పడగలిగేంత చనువు భయం పోయాకే వస్తుంది. కథకుడు కూడా డ్రాగన్‌ను ఎప్పటివరకు “అది” అంటాడో, ఎప్పుడు “ఆయన” అంటాడో గమనించుకోవాలి. ఈ మార్పును పాఠకుడికి వివరించవద్దు.

ఎగిరే దృశ్యం గురించి ఒక్క మాట, ఎందుకంటే దాన్ని రాయవద్దని చెప్పినా మీరు రాస్తారు. ఇంతవరకు తెలిసిన ఎగిరే జీవుల్లో అతిపెద్ద వాటిలో ఒకటైన క్వెట్జల్‌కోట్లస్ శిలాజం 1971లో అమెరికాలోని టెక్సాస్‌లో దొరికింది. దాని రెక్కల వెడల్పు సుమారు పది మీటర్లు, బరువు రెండు వందల నుంచి రెండు వందల యాభై కిలోలని శాస్త్రజ్ఞుల అంచనా. అలాంటి జీవి మీద నలభై కిలోల కేతకి కూర్చుంటే దాని బరువులో ఐదోవంతో ఆరోవంతో అదనపు మోత. డ్రాగన్ ఏనుగంత ఉండాలంటే మాయ అవసరం, ఆ మాయకు ధర ఏమిటో మీరు చెప్పాలి. పైకి వెళ్లేకొద్దీ ప్రతి వెయ్యి మీటర్లకు ఉష్ణోగ్రత సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది కనుక, ఉప్పు మడుల ఎండలో పెరిగిన పిల్ల మూడు వేల మీటర్ల ఎత్తున ఇరవై డిగ్రీల తేడాకు వణికిపోతుంది, గాలి హోరులో ఒకరి మాట ఒకరికి వినబడదు. ఆ చలిలో డ్రాగన్ ఒంటి వేడికి ఆమె అతుక్కోవడం, ఆకాశపు వర్ణన కంటే స్నేహాన్ని బాగా చెబుతుంది. ఇదంతా నవల రెండో సగానికి దాచుకోండి.

ఈ వారం అభ్యాసం: మీ నాయిక డ్రాగన్ దగ్గరకు రెండోసారి వెళ్లే దృశ్యాన్ని నాలుగు వందల మాటలకు మించకుండా రాయండి. అందులో ఆమె డ్రాగన్‌ను తాకకూడదు, ఇద్దరిలో ఎవరూ స్నేహం అన్న మాట పలకకూడదు, దృశ్యం ముగిసేసరికి డ్రాగన్ ఒకదాన్ని అంగీకరించి మరొకదాన్ని తిరస్కరించాలి. రాసిన తరువాత అదే దృశ్యాన్ని డ్రాగన్ వైపు నుంచి, చూపు లేని జీవికి తెలిసే వాటితో మాత్రమే, అంటే వాసన, అడుగుల చప్పుడు, నేల అదురు, నీటి చల్లదనం, వీటితోనే మళ్లీ రాయండి. ఈ రెండో ప్రతి నవలలోకి వెళ్లదు. అయితే మొదటి ప్రతిలో నాయిక చేసిన పనుల్లో డ్రాగన్‌కు అసలు తెలియనివి ఏవో అది బయటపెడుతుంది, వాటిని మొదటి ప్రతిలోంచి కొట్టివేయండి. ఐదో పాఠంలో ఊరివాళ్ల వైపు వెళదాం: కడవల లెక్క తేలిన తరువాత కేతకి తల్లి ఆమెను ఏమని అడుగుతుందో ఆలోచించి ఉంచండి.