గ్రామసభలో నీటి సమస్యపై మాట్లాడబోయేవారికి

కనిగిరి, పామూరు వైపు పల్లెల్లో బోరు నీటిలోని ఫ్లోరైడ్ గురించి గ్రామసభలో లేచి మాట్లాడవలసిన వారిని రెండు ఒత్తిళ్లు పట్టి లాగుతుంటాయి. భయపెడితే తప్ప జనం కదలరన్న తొందర ఒకటి, అధికారులు నొచ్చుకుంటారేమోనన్న జంకు మరొకటి. దేనికి లొంగినా ప్రసంగం చెడుతుంది. విషయాన్ని ఉన్నంత మేరకే చెప్పినవారిని సభ నమ్ముతుందనీ, నమ్మిన సభే తీర్మానానికి చెయ్యెత్తుతుందనీ నా దృఢాభిప్రాయం.

అందుచేత మాటల కంటే ముందు కాగితం సిద్ధం చేసుకోవాలి. గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలలో నీటిని పరీక్ష చేయించి, నమూనాను ఏ బోరు నుంచి, ఏ తేదీన తీశారో ఫలితం పక్కనే రాసుకోవాలి. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదనీ, వేరే నీటి వసతి లేనప్పుడు 1.5 వరకు అనుమతించవచ్చనీ భారత ప్రమాణాలు చెబుతున్నాయి. మీ ఫలితం 2 అని వస్తే 2 అనే చెప్పాలి; ఒక బోరు ఫలితాన్ని ఊరంతటికీ అంటగట్టకూడదు. పిల్లల పళ్ల మీద గారలకు ఫ్లోరైడ్ కారణం కావచ్చు గానీ, ఊళ్లోని మోకాళ్ల నొప్పులన్నీ దానివల్లే వచ్చాయనడానికి వైద్యుల పరీక్ష లేకుండా మనకు అధికారం లేదు. నీళ్లు మరిగిస్తే ఫ్లోరైడ్ పోతుందని చాలామంది తల్లులు నమ్ముతారు. మరిగించినప్పుడు నీరు ఆవిరై తగ్గుతుంది గానీ ఫ్లోరైడ్ అలాగే మిగులుతుంది కనుక, దాని సాంద్రత ఇంకా పెరుగుతుంది. ఈ సంగతిని ఎవరినీ చిన్నబుచ్చకుండా, విడమరచి చెప్పాలి.

జనం మనసు కదిలించడం తప్పు కాదు. ఎవరి బాధతో కదిలిస్తున్నామన్నదే ప్రశ్న. గార పట్టిన పళ్లున్న పిల్లవాణ్ణి సభలో నిలబెట్టి నోరు తెరిపించడం, తల్లిదండ్రులు సరేనన్నా, చేయరాని పని. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యతా కేంద్రానికి వచ్చిన మహిళలు సారా వల్ల తమ సంసారాలు ఏమైపోతున్నాయో తామే మాట్లాడుకున్నారు. అక్కడ రాజుకున్న ఉద్యమం 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధానికి దారి తీసింది. బాధపడినవారు ఇష్టపడి మాట్లాడితే మన సమయంలో కొంత వారికే ఇవ్వాలి.

ఊళ్లో క్యాను నీళ్లమ్మే ప్లాంటులో మీకు గానీ మీ బంధువులకు గానీ వాటా ఉంటే, ఆ మాట మొదటే చెప్పాలి. సర్పంచ్ గారో ఇంజినీరు గారో ఇదివరకు చేసిన ప్రయత్నం ఏదైనా ఉంటే, అది సఫలం కాకపోయినా, దాన్ని ప్రస్తావించాలి. దాచిపెడితే వారు లేచి చెప్పినప్పుడు మీ మిగతా మాటలకూ విలువ పోతుంది.

మాట్లాడే తీరుకు వస్తే, నమస్కారం కాగానే మీరు కోరేదేమిటో ఒక్క వాక్యంలో చెప్పి, తరువాత కారణాలకు వెళ్లాలి. నాలుగైదు నిమిషాలు చాలు. రెండు అంకెలకు మించి చెబితే ఎవరికీ గుర్తుండవు కనుక మిగతావి కాగితంలో ఉంచుకోవాలి. మైకు నోటికి బెత్తెడు దూరంలో ఉంటే గొంతు పెంచనక్కరలేదు. వెనక వరుసల్లో కూర్చున్న ఆడవాళ్లకు మాట అందుతున్నదో లేదో మధ్యలో ఒకసారి అడగాలి, ఎందుకంటే ఇంటికి నీళ్లు మోసేది ఎక్కువగా వారే. ఎవరైనా అడ్డు తగిలితే వారి మాట పూర్తి కానిచ్చి, అందులోని ప్రశ్నకు మాత్రమే బదులివ్వాలి. తెలియని విషయమైతే తెలియదని చెప్పి, ఎప్పటిలోగా కనుక్కుని చెబుతారో అక్కడే చెప్పాలి.

సభ ముగిశాక పరీక్ష ఫలితం నకలు పంచాయతీ కార్యదర్శి గారికి అందజేసి, తీర్మానం పుస్తకంలో ఎక్కిందో లేదో అక్కడే చదివి చూసుకోవాలి. మీరు చెప్పిన అంకె తప్పని తరువాత తెలిస్తే, వచ్చే గ్రామసభలో అదే మైకులో సవరించాలి.