వేధింపు సందేశాల జాడ పట్టడం – మూడో పాఠం: ఖాతా నుంచి యంత్రం దాకా

కిందటి పాఠంలో మూడు సంఖ్యలు రాసిపెట్టుకోమన్నాం: సందేశం ఐడీ, పంపిన ఖాతా యూజర్‌ ఐడీ, పంపిన సమయం. ఈ పాఠం వాటితోనే మొదలవుతుంది. ఖాతా దొరికింది కదా, ఇంక పనేముంది అనిపిస్తుంది. అసలు పని ఇక్కడే ఉంది. లాగ్ (ఎవరు ఎప్పుడు ఏం చేశారో వ్యవస్థ రాసుకునే చిట్టా) చెప్పేది ఖాతా పేరు మాత్రమే. ఆ క్షణంలో కీబోర్డు ముందు ఎవరున్నారో దానికి తెలియదు. ల్యాబ్‌లో లాగౌట్ చేయకుండా లేచి వెళ్లిన విద్యార్థి, పాస్‌వర్డ్ స్నేహితుడికి చెప్పిన విద్యార్థి ప్రతి విశ్వవిద్యాలయంలోనూ ఉంటారు. ఉదాహరణలు మూడుల్ (Moodle) అనే ఆన్‌లైన్ బోధనా వ్యవస్థవి. మీది వేరే వ్యవస్థయితే పట్టికల పేర్లు మారతాయి, పని వరుస మారదు.

ముందు లాగ్‌లు కాపాడండి

విచారణకు రాతపూర్వక అనుమతి చేతిలో ఉండాలి. ఏ ఖాతా, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అన్నది అందులో స్పష్టంగా ఉండాలి. ఆ హద్దు దాటి ఎవరి ఇన్‌బాక్సూ తెరవకూడదు.

అనుమతి రాగానే చేయాల్సిన మొదటి పని వెబ్ సర్వర్ లాగ్‌ల నకలు తీయడం. మూడుల్ తన సొంత లాగ్‌ను డేటాబేస్‌లో దాచుకుంటుంది, ఎన్నాళ్లు ఉంచాలో నిర్వాహకుడు నిర్ణయిస్తాడు. వెబ్ సర్వర్ ప్రోగ్రాం అయిన అపాచీ లాగ్‌లకు అంత ఆయుష్షు లేదు. డెబియన్, ఉబుంటు (లినక్స్ రకాలు) సర్వర్లలో ఎవరూ మార్చకపోతే రోజుకొక ఫైలు చొప్పున 14 పాత ఫైళ్లే మిగులుతాయి. ఫిర్యాదు మూడు వారాల తర్వాత వస్తే, సందేశం పంపిన రోజు ఫైలు అప్పటికే పోయి ఉంటుంది. నకలు తీసిన ప్రతి ఫైలుకూ షా-256 హాష్ (ఫైలులో ఒక్క అక్షరం మారినా మారిపోయే గుర్తు సంఖ్య) లెక్కగట్టి, తీసినవారి పేరూ సమయమూ పక్కన రాయండి. ఆ తర్వాత మూలం జోలికి పోకుండా నకలు మీదే పని చేయండి.

లాగ్ వరుసను చదవడం

స్టాండర్డ్ లాగ్ పట్టికలో ‘మెసేజ్ సెంట్’ ఈవెంట్‌ను సందేశం ఐడీతో వెతకండి. ఆ వరుసలో నాలుగు గడులు చూడాలి. యూజర్‌ఐడీ పంపిన ఖాతాది. రియల్‌యూజర్‌ఐడీ మామూలుగా ఖాళీగా ఉంటుంది. నిండి ఉంటే నిర్వాహకుడెవరో ‘లాగిన్ యాజ్’ వాడి ఆ ఖాతాలోకి దిగాడని అర్థం. ఈ గడి చూడకుండా విద్యార్థిని పిలిపించడం అన్యాయం. ఆరిజిన్‌లో ‘వెబ్’ ఉంటే బ్రౌజర్ నుంచి, ‘డబ్ల్యూఎస్’ ఉంటే సాధారణంగా మొబైల్ యాప్ నుంచి వచ్చినట్టు. నాలుగోది ఐపీ, అంటే అభ్యర్థన వచ్చిన నెట్‌వర్క్ చిరునామా.

గ్రహీత సందేశాన్ని తుడిచేశానన్నా కంగారుపడొద్దు. మూడుల్‌లో వినియోగదారు సందేశం తొలగిస్తే అతని కంటికి మాత్రమే కనబడకుండా పోతుంది, పట్టికలో వరుస అలాగే ఉంటుంది.

సమయం: ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే

మూడుల్ సమయాన్ని 1970 జనవరి 1 నుంచి లెక్కించిన సెకన్లలో రాస్తుంది. 1700000000 అంటే యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం)లో 2023 నవంబర్ 14, 22:13:20. యూటీసీకి మూడు గంటలు ముందున్న చోట అది 15వ తేదీ 01:13:20. గంటతో పాటు తేదీ కూడా మారిపోయింది. లాగ్ తెర మీద కనిపించేది చూస్తున్నవారి ప్రొఫైల్‌లోని టైమ్ జోన్ ప్రకారం మార్చిన సమయం. వైఫై కంట్రోలర్ స్థానిక సమయంలో రాయవచ్చు, ఫైర్‌వాల్ యూటీసీలో రాయవచ్చు. అందుకే అన్నింటినీ ముందు యూటీసీకి మార్చి ఒకే పట్టికలో పెట్టండి. ఏ యంత్రం గడియారం ఎన్ని సెకన్లు ముందుందో, వెనకుందో అదే రోజు సరిచూసి నమోదు చేయండి.

ఇంకో చిక్కు. అపాచీ లాగ్‌లో మామూలుగా ఉండేది అభ్యర్థన అందిన సమయం, కానీ ఆ వరుస రాసేది పని పూర్తయ్యాక. నెమ్మదిగా నడిచిన అభ్యర్థన ఫైలులో కాస్త కిందికి పోతుంది. కాబట్టి అటూ ఇటూ ఒక నిమిషం మేర చూడాలి.

సెస్‌కీతో సెషన్ కట్టడం

బ్రౌజర్‌లో సందేశం పంపితే అపాచీ లాగ్‌లో సర్వీస్ పీహెచ్‌పీ అనే ఫైలుకు వెళ్లిన పోస్ట్ (సర్వర్‌కు డేటా పంపే) అభ్యర్థన కనిపిస్తుంది. దాని చిరునామాలోనే ‘సెస్‌కీ’ అనే విలువ ఉంటుంది. ఒక లాగిన్ సెషన్ నడిచినంత సేపూ అది మారదు. ఆ విలువతో లాగ్ మొత్తం వెతికితే ఆ సెషన్‌లోని ఇలాంటి అభ్యర్థనలన్నీ బయటపడతాయి: ఎప్పుడు మొదలైంది, ఏ బ్రౌజర్, ఏ పేజీలు. ఈ పాఠంలో అన్నిటికన్నా పనికొచ్చే పద్ధతి ఇదేనని మా అభిప్రాయం. ఒకే సెస్‌కీ రెండు ఐపీల నుంచి కనిపిస్తే ఫోను వైఫై నుంచి డేటాకు మారి ఉండవచ్చు. అలా కాదనిపిస్తే సెషన్ దొంగిలించారేమో చూడాలి. యాప్ నుంచి వచ్చిన అభ్యర్థనల్లో సెస్‌కీ ఉండదు. అక్కడ ఐపీ, సమయం, యూజర్ ఏజెంట్ (బ్రౌజర్ లేదా యాప్ తన గురించి చెప్పుకునే వివరం) కలిపి చూడటం తప్ప దారి లేదు.

ఐపీ ఎవరిది?

ముందు ఒక పరీక్ష: వందల మంది విద్యార్థుల వరుసల్లో ఒకే ఐపీ ఉందా? ఉంటే మూడుల్‌కు కనిపిస్తున్నది మీ రివర్స్ ప్రాక్సీయే (సర్వర్ ముందు నిలబడి అభ్యర్థనలు అందుకుని లోపలికి పంపే యంత్రం). ‘ఎక్స్-ఫార్వర్డెడ్-ఫర్’ శీర్షికను నమోదు చేసేలా ప్రాక్సీని అమర్చి ఉంటే అసలు ఐపీ అక్కడ దొరుకుతుంది. ఆ శీర్షికలో ఎడమవైపు విలువలను పంపేవాడే కల్పించవచ్చు. మీ ప్రాక్సీ చేర్చిన కుడి చివరి విలువనే నమ్మండి.

ఐపీ క్యాంపస్ లోపలిదైతే డీహెచ్‌సీపీ (పరికరాలకు ఐపీలు పంచే సేవ) లాగ్‌లో ఆ నిమిషానికి అది ఏ మ్యాక్ చిరునామాకు (పరికరం నెట్‌వర్క్ గుర్తింపు సంఖ్యకు) కేటాయించారో చూడండి. పక్కనే రేడియస్ (వైఫై లాగిన్లను సరిచూసే సేవ) అకౌంటింగ్ లాగ్ తెరవండి. మొదటి ‘స్టార్ట్’ రికార్డులో ఐపీ లేకపోతే లాగ్ పాడైందనుకోవద్దు. ఆ సమయానికి పరికరానికి ఇంకా ఐపీ అందలేదు, తర్వాతి ‘ఇంటెరిమ్’ రికార్డులో ఉంటుంది. ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు ఒక్కో వైఫైకి ఒక్కో కల్పిత మ్యాక్ వాడుతున్నాయి. అందుకే నమోదైన పరికరాల జాబితాతో మ్యాక్ కలవకపోవడం అనుమానించాల్సిన విషయం కాదు. వైఫై లాగిన్ పేరుకే విలువ ఎక్కువ.

బయటి ఐపీ అయితే మీ పని దాదాపు అక్కడితో ఆగుతుంది. మొబైల్ సంస్థలు ఒకే ఐపీని ఎందరికో పంచుతాయి. సోర్స్ పోర్టు (ఒకే ఐపీ పంచుకునేవారి కనెక్షన్లను విడదీసే సంఖ్య) లేకుండా అడిగితే వాళ్లు కూడా తేల్చలేరు. అపాచీ మామూలు లాగ్‌లో పోర్టు ఉండదు. లాగ్‌ఫార్మాట్‌లో రిమోట్ పోర్టును ఇప్పుడే చేర్చండి, తర్వాతి ఫిర్యాదుకైనా అక్కరకొస్తుంది. సర్వర్ ముందు ప్రాక్సీ ఉంటే ఆ మార్పు ప్రాక్సీలో చేయాలి. సంస్థను వివరాలు అడగడం పోలీసుల ద్వారా, చట్టప్రకారం జరగాల్సిందే.

పేర్లు కలవకపోతే

మూడుల్ ఖాతా ఒకరిది, వైఫై లాగిన్ మరొకరిది అయిందనుకోండి. వెంటనే రెండో వ్యక్తిని పట్టుకోవద్దు. ఆ ఖాతా మీద అంతకుముందు విఫలమైన లాగిన్లు, పాస్‌వర్డ్ మార్పు, ఎన్నడూ కనిపించని బ్రౌజర్ ఉన్నాయేమో చూడండి. ల్యాబ్ కంప్యూటర్ అయితే ఆ యంత్రం లాగిన్ రికార్డు, హాజరు పట్టీ కావాలి. నివేదికలో ‘ఫలానా విద్యార్థి పంపాడు’ అని రాయొద్దు. ‘ఫలానా ఖాతా నుంచి, ఈ సమయానికి, ఈ పరికరం ద్వారా వెళ్లింది’ అనే రాయండి.

అభ్యాసం: పరీక్షా సర్వర్‌లో రెండు ఖాతాలు తెరవండి. ఒక సందేశం బ్రౌజర్ నుంచి, ఒకటి యాప్ నుంచి, మూడోది ‘లాగిన్ యాజ్’ వాడి పంపండి. ఖాతా పేర్లు చూడకుండా, లాగ్ వరుసలు మాత్రమే చూసి ఏది ఏదో గుర్తించండి. నాలుగో పాఠంలో పేరు దాచే ఫోరంలు, ఫీడ్‌బ్యాక్ ఫారాలు.