ఇంగ్లండ్‌లో తాగునీటి ఇన్‌స్పెక్టర్ ఉద్యోగం: దరఖాస్తు ఎక్కడ ఆగిపోతోంది?

ఇంగ్లండ్, వేల్స్‌లలో కుళాయి నీటి మీద ప్రభుత్వం తరఫున కన్నేసి ఉంచే సంస్థ డ్రింకింగ్ వాటర్ ఇన్‌స్పెక్టొరేట్. 1989లో నీటి కంపెనీలు ప్రైవేటు చేతుల్లోకి వెళ్లాయి, ఆ మరుసటి ఏడాదే ఇది మొదలైంది. కెమిస్ట్రీ, మైక్రోబయాలజీ, ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీరింగ్ చదివి, ల్యాబుల్లోనో నీటి శుద్ధి కేంద్రాల్లోనో పనిచేసిన మనవాళ్లు అక్కడ చాలామందే ఉన్నారు. ఈ ఉద్యోగానికి పనికొచ్చేవాళ్లే. కానీ వాళ్లలో కొందరు ఫారం నింపిపెట్టమని ఎవరికో డబ్బులు కట్టి, మొదటి వడపోతలోనే వెనక్కి వస్తున్నారు. అది చూశాకే ఇది రాయాలనిపించింది.

ముందు అర్హత. బ్రిటిష్ పాస్‌పోర్టు లేకపోతే ప్రభుత్వ ఉద్యోగం రాదని చాలామంది గట్టిగా నమ్ముతారు. అది నిజం కాదు. భారత్ కామన్వెల్త్ దేశం కాబట్టి, అక్కడ పనిచేసే హక్కు ఉన్న భారతీయులు సివిల్ సర్వీస్‌లో ఎక్కువ పోస్టులకు పెట్టుకోవచ్చు. బ్రిటిష్ పౌరులకే కేటాయించినవి కొన్ని ఉంటాయి, ఆ మాట ప్రకటనలోనే ఉంటుంది. వీసా స్పాన్సర్‌షిప్ వేరే విషయం. ఈ ఇన్‌స్పెక్టొరేట్ డెఫ్రా (పర్యావరణం, ఆహారం, గ్రామీణ వ్యవహారాలు) శాఖ కిందికి వస్తుంది. స్కిల్డ్ వర్కర్ వీసాకు స్పాన్సర్ చేయలేమని డెఫ్రా ప్రకటనల్లో తరచూ రాసే ఉంటుంది. ఆ ఒక్క వాక్యం చదివి ఉంటే, స్పాన్సర్‌షిప్‌తో సహా ఉద్యోగం ఇప్పిస్తామన్న వాడికి ఒక్క పౌండు కూడా ఇచ్చి ఉండేవారు కాదు.

స్కాట్లండ్‌కు, ఉత్తర ఐర్లండ్‌కు వేరే నియంత్రణ సంస్థలున్నాయి, వాటి ప్రకటనలు వేరు. ఇంకో సంగతి. నీటి కంపెనీల ధరలను నియంత్రించే ఆఫ్‌వాట్‌ను రద్దు చేసి, ఈ ఇన్‌స్పెక్టొరేట్ పనిని కూడా కలుపుకుని ఒకే నీటి నియంత్రణ సంస్థ పెడతామని 2025 జులైలో ప్రభుత్వం ప్రకటించింది. అందుకని ప్రకటన మీద ఏ సంస్థ పేరుందో చూసుకోండి. పేరు మారినంత మాత్రాన పని మారదు.

దరఖాస్తు సివిల్ సర్వీస్ జాబ్స్ వెబ్‌సైట్లోనే. ఫీజు లేదు. ఖాతా తెరవడం, చదువు, అనుభవం నింపడం గంటలో అయిపోతాయి. మొదటి వడపోతలో పేరు, వయసు, చదివిన కాలేజీ కనబడకూడదన్నది అక్కడి పద్ధతి, కాబట్టి ప్రకటన తీసేయమన్న వివరాలన్నీ తీసేయండి. యూనివర్సిటీ పేరు గొప్పదని మధ్యలో ఇరికించడం వల్ల ఒరిగేదేమీ లేదు.

అసలు చిక్కంతా 250 పదాల దగ్గరే. ప్రకటనలో 'బిహేవియర్స్' అని కొన్ని ఉంటాయి. సరైన నిర్ణయం తీసుకోవడం, ఎదుటివాళ్లను ఒప్పించేలా మాట్లాడటం వంటివి. ఒక్కోదానికీ మీ పనిలో నిజంగా జరిగిన ఒక ఘటన 250 పదాల్లో రాయాలి. 1 నుంచి 7 దాకా మార్కులు, మామూలుగా 4 వస్తేనే ముందుకు వెళ్తారు. దరఖాస్తులు ఎక్కువైతే అందులో ప్రధానమైన ఒక్క జవాబునే చూసి వడపోస్తారు. అంటే మీ పదేళ్ల అనుభవానికి తూకం ఆ ఒక్క పేరానే.

మనవాళ్లు ఇక్కడ తప్పటానికి కారణం చేతకానితనం కాదు, అణకువ. 'నేను చేశాను' అనడం మనకు గొప్పలు చెప్పుకున్నట్టు ఉంటుంది. అందుకే ఇలా రాస్తారు: 'శుద్ధి కేంద్రంలో టర్బిడిటీ (నీటి మడ్డితనం) పెరిగింది. మేము వెంటనే పై అధికారులకు తెలియజేసి సమస్యను పరిష్కరించాము.' ఇందులో అబద్ధం లేదు. కానీ మార్కులు వేసేవారికి మీరు ఎక్కడా కనబడరు.

అదే ఘటన ఇలా ఉంటే? (ఎన్‌టీయూ అంటే ఆ మడ్డితనానికి కొలత.) 'ఉదయం రీడింగ్ 1 ఎన్‌టీయూ దాటింది. మీటరు తప్పా, నీరే మారిందా అన్నది ముందు తేల్చాలనుకున్నాను. వేరే మీటరుతో కొలిచాను, అదీ అంతే చూపించింది. ఆ ఫిల్టరు ఆపాలని షిఫ్ట్ ఇన్‌ఛార్జికి చెప్పాను. సరఫరా తగ్గుతుందని ఆయన ఒప్పుకోలేదు. నీరు మడ్డిగా ఉంటే క్లోరిన్ సరిగా పనిచేయదని, గంట గంటకీ రీడింగ్ ఎలా పెరుగుతోందో చూపించి ఒప్పించాను.' ఇప్పుడు ఒక మనిషి ఆలోచించినట్టు, ఒక అభ్యంతరాన్ని ఎదుర్కొన్నట్టు తెలుస్తోంది. ఇది నమూనా మాత్రమే, ఎత్తి రాయకండి. సందర్భం రెండు వాక్యాల్లో ముగించి, మీరు చేసినదానికి సగానికి పైగా పదాలు ఇవ్వండి. చివర ఫలితం ఒక అంకెతో చెప్పగలిగితే మంచిది.

ఇంత పట్టుదలగా 'నువ్వేం చేశావు' అని ఎందుకు అడుగుతారో ఉద్యోగం తెలిస్తే అర్థమవుతుంది. 1988 జులైలో కార్న్‌వాల్‌లోని లోవర్‌మూర్ శుద్ధి కేంద్రంలో 20 టన్నుల అల్యూమినియం సల్ఫేట్‌ను (శుద్ధికి వాడే రసాయనం) పొరపాటున వేరే ట్యాంకులో పోశారు. అది కామెల్‌ఫర్డ్ చుట్టుపక్కల ఇళ్ల కుళాయిల్లోకి వెళ్లింది. అసలేం జరిగిందో జనానికి రెండు వారాలు దాటాక గానీ చెప్పలేదు. అలాంటిది జరిగినప్పుడు ఎవరు ఎప్పుడు గమనించారు, ఏ ఆధారంతో ఏం నిర్ణయించారు, ఎవరికి ఎప్పుడు చెప్పారు అని కంపెనీని నిలదీయడమే ఇన్‌స్పెక్టర్ పని. ఫారం మిమ్మల్ని అడుగుతున్నదీ ఆ ప్రశ్నలనే. డబ్బు తీసుకుని మీ తరఫున రాసేవాడి దగ్గర వాటికి జవాబు ఉండదు. ఒకే ఘటనను పదిమందికి అమ్మితే దొరికిపోయేది మీరే. ఇంకొకరి అనుభవాన్నో, ఏఐ అల్లిన కథనో మీదిగా చూపిస్తే దరఖాస్తు రద్దు చేయవచ్చని ప్రకటనలోనే ఉంటుంది.

ఇంటర్వ్యూ దాటాక వచ్చేది పూర్వాపరాల తనిఖీ. దీన్ని చూసి భయపడనక్కర్లేదు గానీ కాగితాలు ముందే సర్దుకోవాలి. గుర్తింపు, పనిచేసే హక్కు, 3 ఏళ్ల ఉద్యోగ చరిత్ర, నేర చరిత్ర చూస్తారు. గత 3 ఏళ్లలో 6 నెలలు, అంతకు మించి బయటి దేశంలో ఉంటే ఆ కాలానికి లెక్క చెప్పాలి. ఇండియాలో పాత యజమాని నుంచి తేదీలతో ఒక ఉత్తరం ఇప్పుడే తెప్పించుకోండి.

నీటి వ్యవస్థల రక్షణ, సైబర్ భద్రత చూసే పోస్టులకు ఇంకా పై స్థాయి క్లియరెన్స్ అడగవచ్చు. 2018 నాటి నెట్‌వర్క్ భద్రతా నిబంధనలు, 2022 నాటి అత్యవసర చర్యల ఆదేశం ఈ సంస్థ పనిలో భాగమే. ఎస్‌సీ (సెక్యూరిటీ చెక్) అనే స్థాయికి మామూలుగా 5 ఏళ్లు అక్కడ నివాసం ఉండాలంటారు. కొత్తగా వెళ్లినవాళ్లకు ఇది కష్టం, అందుకని నాణ్యత విభాగం పోస్టులు ముందు చూసుకోవడం మేలు. ఒక్క మాట గట్టిగా చెబుతాను. ఈ క్లియరెన్స్‌కు ఎవరూ సొంతంగా పెట్టుకోలేరు, ఉద్యోగమిచ్చే సంస్థే పెట్టాలి. ముందే చేయించి పెడతామని ఎవరైనా డబ్బు అడిగితే అది మోసం.

ఎంపికైనవారి తర్వాతి వరుసలో ఉంటే రిజర్వ్ జాబితాలో పెడతారు, తరచుగా 12 నెలలు. ఆ మధ్యలో పిలుపు రావచ్చు, ఈమెయిల్ మార్చకండి. గడువు ముగిసిన రోజే ప్రకటన వెబ్‌సైట్ నుంచి మాయమవుతుంది. ఇంటర్వ్యూకు ఏం చదవాలో ఉన్నదల్లా అందులోనే కాబట్టి, దరఖాస్తు పంపకముందే దాన్ని పూర్తిగా దాచుకోండి.