హౌ ఆర్ యూ అంటే హౌ ఆర్ యూ అనే పిల్లలకి ఇంగ్లీష్ చెప్పడం ఎలా

విదేశంలో ప్రైవేట్ స్కూలు, ఆరేడేళ్ల పిల్లలు, ఇంగ్లీష్ టీచర్ ఉద్యోగం అనగానే పాటలు, బొమ్మలు, చప్పట్లు అని ఊహించుకుని వెళ్తాం. మొదటిరోజు నేను బాగా నవ్వుమొహం పెట్టుకుని "హౌ ఆర్ యూ?" అన్నాను, పాతికమంది ఒకే గొంతుతో "హౌ ఆర్ యూ!" అన్నారు. "నో నో, ఐ యామ్ ఫైన్" అన్నాను, వాళ్లూ "నో నో, ఐ యామ్ ఫైన్". పావుగంట సేపు నా మాటలే నాకు తిరిగొచ్చాయి. అంతకుముందు వాళ్లకి నేర్పింది అదే మరి, టీచర్ ఏది అంటే అది అనడం. కొన్నేళ్లు చెప్పాక నాకు అర్థమైంది ఏంటంటే ఈ పనిలో పిల్లల వల్ల వచ్చే చిరాకు తక్కువే, వాళ్లు ఎప్పటికల్లా మాట్లాడాలో స్కూలూ పేరెంట్సూ మనమూ కలిసి వేసుకున్న లెక్క వల్ల వచ్చేదే ఎక్కువ.

ముందు ఆ హౌ ఆర్ యూ సంగతి తేల్చేద్దాం. ప్రశ్న, జవాబు రెండూ మన నోటి నుంచే వస్తే పిల్లలకి తేడా తెలీదు, కాబట్టి ఇంకో మనిషి కావాలి, లేదా ఒక చేతిబొమ్మ. బొమ్మ అడుగుతుంది, మనం జవాబు చెప్తాం. తర్వాత మనం అడుగుతాం, బొమ్మ చెప్తుంది. తర్వాత బొమ్మని క్లాసులో కాస్త ధైర్యం ఉన్న పిల్ల చేతికి ఇవ్వాలి. మూడునాలుగు రోజులు ఇదే చేస్తే మన మాటే తిరిగి అనడం కాదు, జవాబు చెప్పాలి అని దారిలో పడతారు. ఇంకో మాట, "ఐ యామ్ ఫైన్ థాంక్యూ అండ్ యూ" అని ఒకే ఊపిరిలో నేర్పకండి, మోకాలు చెక్కుకుపోయి ఏడుస్తున్న పిల్లాడు కూడా అదే అప్పజెప్పాడు నాకు. హ్యాపీ, సాడ్, టైర్డ్, హంగ్రీ, ఈ నాలుగూ మొహంతో చూపించి నేర్పితే నిజం చెప్పడానికి వాళ్లకి మాట దొరుకుతుంది.

ఇక అసలు సమస్య, మాట్లాడని పిల్లలు. కొత్త భాషలో పడ్డ చిన్నపిల్లలు కొంతమంది వారాలు, ఒక్కోసారి నెలల తరబడి నోరు విప్పరు, దీన్ని సైలెంట్ పీరియడ్ అంటారు. వింటూ ఉంటారు, లోపల పోగవుతూ ఉంటుంది, బయటికి మాత్రం ఏమీ రాదు. మనం ఏం చేస్తామంటే భయపడి "చెప్పు చెప్పు, సే ఇట్" అని నిలబెట్టి అడుగుతాం, వాడు ఇంకా బిగుసుకుపోతాడు. నోటితో కాకుండా ఒంటితో జవాబు చెప్పే పనులు ఇవ్వాలి. స్టాండ్ అప్, టచ్ యువర్ నోస్, గివ్ మీ ద రెడ్ పెన్సిల్, ఇలాంటివి. అమెరికాలో జేమ్స్ ఆషర్ అనే సైకాలజిస్టు 1960ల్లోనే దీన్ని ఒక పద్ధతిగా పెట్టాడు, టోటల్ ఫిజికల్ రెస్పాన్స్ అని పేరు. మాట విని పని చేశాడంటే అర్థమైనట్టే, నోరు తర్వాత వస్తుంది. "డూ యూ అండర్‌స్టాండ్?" అని మాత్రం ఎప్పుడూ అడగొద్దు, అందరూ ఎస్ అంటారు, ఏమీ అర్థంకాని వాళ్లు ఇంకొంచెం గట్టిగా అంటారు.

మన మాట కూడా తగ్గించుకోవాలి. "ఓకే చిల్డ్రన్, నౌ ఐ వాంట్ యూ టు టేక్ అవుట్ యువర్ బుక్స్ అండ్" అని మొదలుపెడితే సగంలోనే ఒకడు బల్ల కింద ఉంటాడు. పుస్తకం ఎత్తి చూపించి "బుక్స్. ఓపెన్." అని ఆగాలి, పేజీ నంబర్ బోర్డు మీద రాయాలి, అంతే. అలాగని బస్సు ఆపినట్టు అరవమని కాదు, నాకు రెండోవారానికే గొంతు పోయింది, అప్పట్నుంచి మూడు చప్పట్లు కొడతాను, వాళ్లు మూడు కొడతారు, నిశ్శబ్దం అయ్యేదాకా నోరెత్తను. మొదట్లో రెండు నిమిషాలు పట్టేది. పట్టనివ్వండి.

చదవడం దగ్గర చాలామంది స్కూళ్లవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. ఏడాదంతా ఏ బీ సీ డీ పాడిస్తారు, తర్వాత క్యాట్ చదవమంటే పిల్ల "సీ ఏ టీ" అంటుంది, అందులో క్యాట్ ఎక్కడుంది చెప్పండి? మనకి అ ఆ ల్లో అక్షరం పేరూ దాని శబ్దమూ దాదాపు ఒకటే కాబట్టి ఈ తిరకాసు మనకి వెంటనే తట్టదు. ఇంగ్లీషులో అక్షరాలు 26, శబ్దాలు సుమారు 44, పైగా ఒకే అక్షరం చోటునిబట్టి పలుకు మారుస్తుంది. అందుకే పేర్ల కంటే ముందు శబ్దాలు చెప్పాలి, అదీ వరసలో కాదు. ఎస్, ఏ, టీ, పీ, ఐ, ఎన్, ఈ ఆరింటి శబ్దాలు వస్తే చాలు, స్యాట్, పిన్, ట్యాప్, న్యాప్, టిన్, ప్యాన్ అని చాలా మాటలు కలుపుకుని చదివేస్తారు. సొంతంగా మొదటి మాట చదివినప్పుడు ఆ మొహం చూడాలి మీరు. బీ, డీ తారుమారు అవుతుంటే కంగారుపడొద్దు, ఈ వయసులో మామూలే.

పలుకు విషయంలో ముందు ఆ పిల్లల సొంత భాషలో ఏ శబ్దం లేదో తెలుసుకోండి, సగం కోపం అక్కడే పోతుంది. అరబిక్‌లో ప లేదు, అందుకే పెన్ బెన్ అవుతుంది, పైగా వాళ్లు కుడి నుంచి ఎడమకి రాస్తారు కాబట్టి మొదట్లో కొందరు పుస్తకం వెనకవైపు నుంచి తెరుస్తారు. జపనీస్ పిల్లలకి ర, ల ఒకటే. స్పానిష్ పిల్లలు స్కూల్‌ని ఎస్కూల్ అంటారు. నవ్వొస్తే మనం బస్సు, బుక్కు, లైటు అని చివర ఉ తగిలించుకున్న సంగతి గుర్తుచేసుకోవాలి. ఏ, యాన్, ద అనేవి తెలుగులో లేవు, రష్యన్‌లోనూ లేవు, చైనీస్‌లోనూ లేవు, అవి వదిలేశారని ఆరేళ్ల పిల్లని ఆపి దిద్దడం దండగ. తప్పు అన్నదాన్ని మనం సరిగ్గా ఒకసారి తిరిగి అని ముందుకెళ్లిపోవాలి, "టూ క్యాట్" అంటే "ఎస్, టూ క్యాట్స్!" అంతే.

"క్లాసులో ఇంగ్లీషే మాట్లాడాలి" అని గోడ మీద రాసి ఉంటుంది, మేనేజ్‌మెంట్‌కి అది ముద్దు. మీరు మాత్రం పిల్లల భాషలో ఒక ఇరవై మాటలు నేర్చుకుని వెళ్లండి, బాత్రూం, నొప్పి, కొట్టాడు, ఎవరు, ఆగు, విను, ఇలాంటివి. ఏడుస్తున్న పిల్లకి ఇంగ్లీషులో ఓదార్పు పనిచెయ్యదు. దీనికి ఇంకో వైపు కూడా ఉంది, క్లాసులో లోకల్ అసిస్టెంట్ టీచర్ ఉంటే ఆవిడ పాపం మంచి మనసుతోనే మనం అన్న ప్రతి మాటా వాళ్ల భాషలోకి మార్చేస్తుంది, ఇక పిల్లలు మన మాట వినడం మానేసి ఆవిడ వైపే చూస్తారు. నాకు ఇది అర్థమవడానికి ఒక టర్మ్ పట్టింది. క్లాసు మొదలయ్యే ముందు ఒక పది నిమిషాలు కూర్చుని, నేను చెవి పట్టుకుంటేనే మీరు చెప్పండి, లేకపోతే ఆగండి అని సైగ మాట్లాడుకున్నాం, గొడవ తీరింది. క్రమశిక్షణ ఎవరు చూస్తారో కూడా అప్పుడే తేల్చుకోవాలి.

ఇప్పుడు ఫీజు కట్టే వాళ్ల సంగతి. ప్రైవేట్ స్కూల్లో పేరెంట్సే కస్టమర్లు, దాని మీద ఏడ్చి లాభం లేదు. "మా అబ్బాయి ఇంట్లో ఒక్క ముక్క మాట్లాడట్లేదు" అని ఫోన్ వస్తుంది, ప్రిన్సిపాల్ మనల్ని పిలుస్తారు. నేను వారంలో ఒక చిన్న భాగం పేరెంట్స్ కోసం పక్కన పెట్టేశాను. శుక్రవారం ఒక పాట గానీ నాలుగు వాక్యాలు గానీ, పిల్లలకి అప్పటికే నోటికొచ్చేసినవి, ఇంటికి ఒక చీటీ మీద పంపిస్తాను, ఇవి అడగండి అని. "ఏం నేర్చుకున్నావు, ఇంగ్లీషులో మాట్లాడు" అంటే ఏ పిల్లయినా నోరు మూసుకుంటుంది, "వేర్ ఈజ్ యువర్ నోస్?" అంటే ముక్కు పట్టుకుంటుంది, వాళ్లకి తృప్తి, మనకి మిగతా నాలుగు రోజులు స్వేచ్ఛ. పేరెంట్స్ వచ్చి క్లాసు చూసే ఓపెన్ క్లాస్ రోజున కొత్త పాఠం పొరపాటున కూడా ఎత్తుకోవద్దు, వచ్చినదాన్నే దర్జాగా చేయించండి.

టెక్స్ట్‌బుక్ సిలబస్ పూర్తవ్వాలి అంటారు, అక్షరాలు రాని వాళ్లకి వాక్యాలున్న పుస్తకం ఇచ్చి. ప్రతి యూనిట్‌లో ఏడెనిమిది మాటలు, ఒక్క వాక్యం మూస, అంతే ఏరుకోండి, మిగతాది పైపైన దాటేయొచ్చు. వర్క్‌బుక్ మాత్రం ఖాళీ పేజీలు వదలొద్దు, పేరెంట్స్ తెరిచి చూసేది అదొక్కటే. బోర్డు దగ్గరికి పరిగెత్తే ఆటలు పాతికమందితో వద్దు, ఒకసారి ఇద్దరి తలలు ఢీకొని నేను రిపోర్టు రాసుకోవాల్సి వచ్చింది. కూర్చునే ఆడేవి ఉన్నాయి, ఆరు బొమ్మకార్డులు పెట్టి కళ్లు మూయించి ఒకటి తీసేసి "వాట్ ఈజ్ మిస్సింగ్?" అనడం లాంటివి, మాట్లాడని పిల్ల కూడా ఆ ఊపులో "ఫిష్!" అని అరిచేస్తుంది.

ఇంకా చేరని వాళ్లుంటే, సంతకం పెట్టే ముందు నాలుగు అడగండి, మెయిల్‌లో రాయించుకోండి. వారానికి ఎన్ని పీరియడ్లు, క్లాసుకి ఎంతమంది, రిపోర్ట్ కార్డులూ సమ్మర్ క్యాంపూ జీతంలో కలిసే ఉన్నాయా, వర్క్ వీసా ఎవరు తీస్తారు. టూరిస్ట్ వీసా మీద వచ్చేయండి తర్వాత చూద్దాం అనే స్కూలు ఎంత తియ్యగా మాట్లాడినా వెళ్లొద్దు. చాలా దేశాల్లో వర్క్ పర్మిట్ ఆ ఒక్క స్కూలుకే ముడిపడి ఉంటుంది, మధ్యలో మానెయ్యాలంటే ముందు ఆ కాగితాల లెక్క చూసుకోవాలి, కోపంలో రిజైన్ లెటర్ పెట్టేశాక కాదు.