వైఎస్‌జడ్ పెల్లెట్ కండక్టివిటీ తక్కువొస్తే ముందు మోర్టార్ (పొడి నూరే కల్వం) సంగతి చూడండి

సమస్య: వైఎస్‌జడ్ అంటే ఇట్రియా కలిపిన జిర్కోనియా, వేడి మీద ఆక్సిజన్ అయాన్లను పోనిచ్చే సిరామిక్. ఆ పొడిని బిళ్లగా నొక్కి కాలిస్తే పెల్లెట్. ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్-రేలతో స్ఫటిక నిర్మాణం చూసే పరీక్ష) నీట్‌గా ఉంది, రావాల్సిన క్యూబిక్ ఫ్లోరైట్ స్ఫటికమే, సాంద్రత లెక్క ప్రకారం రావాల్సినదాంట్లో 95 శాతం దాటింది. అయినా 400 డిగ్రీల దగ్గర కండక్టివిటీ పేపర్లలో ఉన్నదాంట్లో పదో వంతు కూడా రావట్లేదు. హన్మకొండ, కాజీపేట వైపు ప్రాజెక్టు పిల్లలు నన్ను అడిగేది ఎక్కువగా ఇదే.

ముందు మందం, వైశాల్యం మళ్లీ కొలవండి. మిల్లీమీటర్లు, సెంటీమీటర్లు కలిపేస్తే సరిగ్గా పది రెట్లు తేడా వస్తుంది, ఇది చూడకుండానే డోపింగ్‌ను (ఇట్రియా కలిపిన తీరును) తిడతారు. థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ) పెల్లెట్ పక్కనే ఉండాలి. 400 దగ్గర 20 డిగ్రీలు తక్కువైతే కండక్టివిటీ దాదాపు 40 శాతం పడిపోతుంది.

ఇవి సరిగ్గా ఉంటే 300-400 డిగ్రీల్లో తీసిన ఇంపెడెన్స్ ప్లాట్ (రకరకాల ఫ్రీక్వెన్సీల ఏసీ కరెంటుకు పెల్లెట్ అడ్డును చూపే గ్రాఫ్) చూడండి. ఎడమ ఆర్క్ (విల్లులాంటి వంపు) గ్రెయిన్ లోపలిది, అంటే పెల్లెట్‌లోని చిన్న స్ఫటిక రేణువు లోపలిది, కెపాసిటెన్స్ 10⁻¹² ఫారడ్ దరిదాపుల్లో ఉంటుంది. రెండోది గ్రెయిన్ బౌండరీది (రెండు రేణువులు కలిసే అంచుది), 10⁻⁹ దగ్గర. మొదటిది మామూలుగా ఉండి రెండోది ఉబ్బిపోయిందంటే నా అనుమానం సిలికా మీదే. రెండు ఇట్రియం అయాన్లకు ఒక ఆక్సిజన్ ఖాళీ చొప్పున, అయాన్లు కదలడానికి లోపల దారి బాగానే ఉంది, బౌండరీ దగ్గర గాజులాంటి సిలికా పొర రైల్వే గేటులా పడింది. ఆ పొరకు స్ఫటిక రూపం లేదు, ఉన్నది కూడా చాలా కొంచెం, అందుకే ఎక్స్‌ఆర్‌డీకి చిక్కదు. 800 దాటాక తేడా పెద్దగా కనబడదు కాబట్టి అక్కడ మాత్రమే కొలిచేవాళ్లకు అసలు తెలియదు.

ఎక్కణ్నుంచి వస్తుందంటే, అగేట్ మోర్టార్ నుంచి. అగేట్ అంటేనే సిలికా, పైగా జిర్కోనియా దానికంటే గట్టిది, నూరేకొద్దీ అరిగేది మోర్టారే! అగేట్ జార్‌లో రాత్రంతా బాల్ మిల్లింగ్ (గుండ్లు వేసి తిప్పి నూరడం) చేస్తే ఇక చెప్పేదేముంది. దానికి తోడు మనది గ్రానైట్ నేల, బోరు నీళ్లలో కూడా సిలికా ఉంటుంది, జార్ కడిగి ఆరబెడితే అంచున తెల్లమరక మిగులుతుంది.

పరిష్కారం: జిర్కోనియా జార్, జిర్కోనియా బాల్స్, చివరి కడుగు డీఅయొనైజ్డ్ నీళ్లతో. పెల్లెట్‌ను క్వార్ట్జ్ బోట్‌లో కాకుండా అల్యూమినా ప్లేటు మీద, అదే పొడి పరిచి కాల్చండి. పాడైన పొడి బాగుపడదు, కొత్త బ్యాచ్ చేసుకోండి. కొన్న పొడిలోనే సిలికా ఉంటే 1 శాతం లోపు అల్యూమినా కలపండి, సిలికాను చాలావరకు పక్కకు లాగేస్తుంది. నమ్మకం కుదరకపోతే ఒకే పొడితో రెండు పెల్లెట్లు, ఒకటి అగేట్‌లో నూరి, ఒకటి నూరకుండా చేసి, రెండు ప్లాట్లూ ఒకదాని మీద ఒకటి వేసుకోండి.

మిగతావి అరుదు. కరెంటు పోయి సింటరింగ్ (పెల్లెట్‌ను కాల్చి గట్టిపరచడం) ఆగితే ఆర్కిమెడీస్ సాంద్రతే (నీళ్లలో తూచి తీసేది) చెప్పేస్తుంది. హైడ్రోజన్‌లో ఓపెన్ సర్క్యూట్ వోల్టేజ్ (కరెంటు తీసుకోనప్పుడు సెల్ ఇచ్చే వోల్టేజ్) పడిపోవడం, వైఎస్‌జడ్ బదులు గాడోలినియం కలిపిన సీరియా వాడేవాళ్ల గొడవ, అక్కడ సీరియం రిడ్యూస్ అయి ఎలక్ట్రాన్లు కూడా ప్రవహిస్తాయి, దానికి మోర్టార్ మార్చినా లాభం లేదు.