చివరి వరుసకూ మాట అందేలా మైకు సెట్టు అమర్చుకోవడం

శ్రీరామనవమికి రామాలయం ముందు పందిరి వేసి సాయంత్రం పూట పురాణ ప్రవచనమో హరికథో పెట్టించినప్పుడు, వేదికకు దగ్గరగా కూర్చున్నవారు చెవులు మూసుకోవడం, చివరి వరుసలోని పెద్దవారికి ఒక్క మాటా అర్థం కాకపోవడం మన ఊళ్ళలో తరచుగా జరుగుతుంది. శబ్దం చాలడం లేదనుకుని నిర్వాహకులు వాల్యూమ్ పెంచుతారు. వెంటనే మైకు కీచుమంటుంది, మాట ఇంకా చెదిరిపోతుంది. ఇటువంటి చోట్ల నేను చూసినంతవరకు ఆంప్లిఫయర్ శక్తి సరిపోకపోవడం అరుదు. స్పీకర్లు కట్టిన చోటు, వాటిని కలిపిన టెర్మినల్ (ఆంప్లిఫయర్ వెనుక వైరు బిగించే చోటు), మైకు ముందు మనిషి నిలబడిన తీరు, ఈ మూడింటిలోనే ఎక్కడో పొరపాటు ఉంటుంది. సుమారు మూడు వందల మంది పట్టే పందిరిని, 100 వాట్ల ఆంప్లిఫయర్‌ను, నాలుగు స్పీకర్లను ఉదాహరణగా తీసుకుని ఆ పనిని మొదటి నుంచి వివరిస్తాను.

వైర్లు లాగాక స్పీకర్లను మార్చడం కష్టం కనుక పందిరి ఖాళీగా ఉన్నప్పుడే వాటికి చోటు చూసుకోవాలి. మైకు ఉండే చోటు కన్నా స్పీకర్లు శ్రోతల వైపుకు ముందుకు జరిగి ఉండాలి, వాటి ముఖం ఏ కొంచెమూ మైకు వైపు తిరగకూడదు. కూర్చున్నవారి తలల ఎత్తులో స్పీకరు పెడితే ముందు వరుసలవారి శరీరాలే శబ్దాన్ని అడ్డుకుంటాయి. అందుకే సుమారు పది అడుగుల ఎత్తున గుంజకు గట్టిగా కట్టి, దాని ముఖాన్ని వెనక వరుసల వైపు కాస్త కిందికి వంచాలి. దూరంగా ఉన్నవారికి ప్రకటనలు వినిపించడానికి హారన్లు (వెడల్పు మూతి గొట్టపు స్పీకర్లు) బాగా పనికివస్తాయి గాని, రెండు మూడు గంటలసేపు ఒకరు చెప్పేది కూర్చుని వినవలసిన చోట నేను కాలమ్ స్పీకర్లనే (పొడవాటి పెట్టెలో ఒకే వరుసలో చిన్న స్పీకర్లు బిగించినవి) ఎంచుకుంటాను, ఎందుకంటే వాటిలో గొంతు సహజంగా ఉంటుంది, చెవికి అలసట రాదు. అయితే కాలమ్‌ను తప్పకుండా నిలువుగానే కట్టాలి. నిలువుగా ఉన్నప్పుడు అది శబ్దాన్ని పక్కలకు వెడల్పుగా పరిచి, పైకీ కిందికీ పోకుండా ఆపుతుంది. చూడ్డానికి బాగుంటుందని వేదిక పైభాగాన అడ్డంగా కడితే ఆ గుణం తారుమారై, పక్కల కూర్చున్నవారికి మాట అందదు.

పందిరి పొడవు 20, 25 మీటర్లు ఉంటే ఒక జతను వేదికకు రెండు వైపులా, మరో జతను 10, 12 మీటర్ల దూరంలో మధ్య గుంజలకు కట్టి, నాలుగింటినీ ఒకే దిక్కుకు, అంటే వెనక వరుసల వైపుకు తిప్పాలి. శబ్దం గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది కనుక రెండు స్పీకర్ల మధ్య 34 మీటర్ల ఎడం ఉంటే ఒకే మాట సెకనులో పదో వంతు ఆలస్యంగా రెండోసారి వినబడి అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడతాయి. చివరి గుంజకు స్పీకరు కట్టి దాన్ని వేదిక వైపు తిప్పిన పందిళ్ళలో మాట గందరగోళంగా ఉండడానికి ఇదొక కారణం.

ఇక అన్నిటికన్నా ఎక్కువ పొరపాట్లు జరిగేది ఆంప్లిఫయర్ వెనుక భాగంలో. అక్కడ కామ్ (కామన్, అంటే అన్నిటికీ ఉమ్మడిది) అని ఒక టెర్మినల్, దాని పక్కన 4, 8, 16 ఓమ్‌లు (స్పీకరు కరెంటుకు ఇచ్చే అడ్డుకు కొలత), 70 వోల్టులు, 100 వోల్టులు అని వరుసగా మరికొన్ని టెర్మినళ్ళు ఉంటాయి. ఒక వైరు ఎప్పుడూ కామ్‌కే వెళుతుంది. రెండో వైరు మిగిలినవాటిలో ఒక్కదానికి మాత్రమే వెళ్ళాలి, ఓమ్‌ల టెర్మినల్‌నూ 100 వోల్టుల టెర్మినల్‌నూ ఒకేసారి వాడకూడదు. ట్రాన్స్‌ఫార్మర్ లేని హారన్ యూనిట్లు (గొట్టం వెనుక బిగించే, శబ్దం పుట్టించే భాగాలు) మన దగ్గర ఎక్కువగా 16 ఓమ్‌లవి దొరుకుతాయి. అటువంటిది ఒకటే ఉంటే 16 దగ్గర, రెండింటిని సమాంతరంగా (ప్రతిదానికీ అవే రెండు వైర్లు చేరేలా) కలిపితే 8 దగ్గర, నాలుగింటిని కలిపితే 4 దగ్గర కలపాలి. స్పీకరు దగ్గరలోనే ఉన్నప్పుడు ఈ పద్ధతి చాలు. దూరం పెరిగితే 100 వోల్టుల లైనే మేలు, ఎందుకంటే అందులో వోల్టేజీ ఎక్కువగా, కరెంటు తక్కువగా ఉండి తీగలో నష్టం తగ్గుతుంది. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరును 100 మీటర్ల దూరం లాగితే, పోను రాను రెండు తీగలకూ కలిపి సుమారు 2.4 ఓమ్‌ల నిరోధం ఏర్పడుతుంది. 8 ఓమ్‌ల పద్ధతిలో ఆంప్లిఫయర్ ఇచ్చే శక్తిలో నాలుగో వంతుకు దగ్గరగా ఆ తీగలోనే వేడిగా పోతుంది. అదే తీగ మీద 100 వోల్టుల పద్ధతిలో 80 వాట్ల స్పీకర్లు నడిపితే పోయేది రెండు శాతం లోపే.

100 వోల్టుల లైనులో ప్రతి స్పీకరుకూ ఆ వోల్టేజీని స్పీకరుకు తగినట్టు తగ్గించే లైన్ మ్యాచింగ్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండాలి. కాలమ్‌లలో చాలావాటికి అది లోపలే ఉంటుంది, హారన్‌కు విడిగా కొని కలుపుకోవాలి. ట్రాన్స్‌ఫార్మర్ మీద 5, 10, 20 అంటూ వాట్ల గుర్తులు ఉంటాయి. స్పీకర్లన్నిటినీ సమాంతరంగా కలిపి, ఒక్కొక్కటి ఏ వాట్ల దగ్గర కలిపామో కూడుకుంటే ఆ మొత్తం ఆంప్లిఫయర్ సామర్థ్యంలో 80 శాతం దాటకూడదు. మన ఉదాహరణలో నాలుగు కాలమ్‌లనూ 20 వాట్ల దగ్గర కలిపితే సరిగ్గా 80 అవుతుంది. వేదిక పక్కన పసిపిల్లల తల్లులు కూర్చునే చోటు ఉంటే అక్కడి స్పీకరును 10 వాట్లకు తగ్గించుకోవచ్చు; ఈ వెసులుబాటు ఓమ్‌ల పద్ధతిలో లేదు. కొన్నేళ్ళ క్రితం ఒక ఊరి జాతరలో ట్రాన్స్‌ఫార్మర్ లేని 16 ఓమ్‌ల యూనిట్‌ను తొందరలో ఎవరో 100 వోల్టుల దగ్గర కలిపారు. లెక్క ప్రకారం అది ఆంప్లిఫయర్ నుంచి 600 వాట్లకు పైగా లాగబోతుంది. పాట మొదలుపెట్టిన క్షణంలోనే యూనిట్ కాయిల్ కాలిపోయింది, ఫ్యూజు ఎగిరింది, ఆ రాత్రి కార్యక్రమం మైకు లేకుండానే సాగింది. అప్పటి నుంచి విద్యుత్తు ఇచ్చే ముందు ప్రతి స్పీకరు వెనుకా చేత్తో తడిమి ట్రాన్స్‌ఫార్మర్ ఉందో లేదో చూడడం నాకు అలవాటైంది. స్పీకర్ల ధన, ఋణ గుర్తులు కూడా అన్నిటికీ ఒకే వరుసలో ఉండాలి, ఒకటి తిరగబడితే రెండు స్పీకర్ల మధ్య కూర్చున్నవారికి గొంతు పలచబడి వినిపిస్తుంది.

100 వోల్టుల లైను షాకు కొడుతుంది కనుక జాయింట్లన్నిటికీ టేపు చుట్టి, పిల్లల చేతికి అందని ఎత్తులో కట్టాలి. మైకు వైరును కరెంటు వైరుకూ స్పీకరు వైరుకూ దూరంగా తీసుకువెళ్ళాలి. తప్పనిసరిగా దాటవలసి వస్తే అడ్డంగా దాటించాలి గాని పక్కపక్కనే పరచకూడదు, అలా పరిస్తే గుయ్యిమనే మోత వస్తుంది. ఆ మోత పోతుందని కొందరు మూడు కాళ్ళ ప్లగ్గులో ఎర్తు కాలును తీసేస్తారు. మైకు పెదవులకు దగ్గరగా ఉండే లోహపు వస్తువు. ఎర్తు లేని సెట్టులో లోపం వస్తే ఆ కరెంటు నేరుగా మాట్లాడేవారి మీదికే వస్తుంది. ఇంతకన్నా ప్రమాదకరమైన పని మైకు సెట్టు దగ్గర మరొకటి లేదు. దయచేసి ఎవరూ చేయవద్దు, చేస్తుంటే చూసి ఊరుకోవద్దు.

ఇవన్నీ చూసుకున్నాక వాల్యూమ్ గుండీలన్నీ సున్నాకు తిప్పి, మైకులు కలిపి, ఆ తరువాతే ఆంప్లిఫయర్ స్విచ్చి వేయాలి. ముందు మాస్టర్ గుండీని (మొత్తం శబ్దాన్ని పెంచే, తగ్గించే గుండీ) సగం వరకు తెచ్చి, ఒకరిని మైకు ముందు మామూలు గొంతుతో మాట్లాడమని, ఆ మైకు గుండీని మెల్లగా పెంచాలి. మాటకు బాస్ (లోతైన స్వరాలు) తగ్గించడం మంచిది. చ, శ, స, త వంటి హల్లుల స్పష్టత పై స్థాయి స్వరాల్లో ఉంటుంది. బాస్ ఎక్కువైతే అచ్చుల మోత వాటిని కప్పేసి, శబ్దం బాగా వినిపించినా మాట మాత్రం తెలియదు. పైగా హారన్ యూనిట్లు లోతైన స్వరాలను పలకలేవు, బలవంతంగా పంపితే పాడవుతాయి.

కీచుమనే కూత ఎందుకు వస్తుందో తెలిస్తే దాన్ని ఆపడం తేలిక. స్పీకరు నుంచి వచ్చిన శబ్దం తిరిగి మైకులోకి వెళ్ళి, పెరిగి, మళ్ళీ స్పీకరు నుంచి వచ్చి, ఇలా చుట్టూ తిరుగుతుంది. కనుక సభకు ముందే వాల్యూమ్‌ను కూత మొదలయ్యే దాకా పెంచి చూసి, ఆ స్థానం నుంచి బాగా వెనక్కి తగ్గించి, అంతకు మించకూడదని గుండీ పక్కన సుద్దతో గీత పెట్టుకోవాలి. తెరిచి ఉన్న మైకుల సంఖ్య రెట్టింపయ్యే కొద్దీ కూతకు ముందున్న ఆ వెసులుబాటు తగ్గుతుంది. హార్మోనియం, మృదంగం, కథకుడు అంటూ మూడు మైకులు పెట్టినా, వచనం చెప్పేటప్పుడు వాద్యాల మైకులను తగ్గించి ఉంచాలి.

వక్తకు ముందుగా, మర్యాదగా చెప్పవలసిన సంగతి ఒకటుంది. మైకు నోటికి నాలుగు అంగుళాల దూరంలో ఉండాలి. ఎనిమిది అంగుళాలకు జరిగితే దానికి చేరే శబ్ద శక్తి నాలుగో వంతుకు పడిపోతుంది, ఆ లోటు పూడ్చాలంటే ఆంప్లిఫయర్ నుంచి నాలుగు రెట్లు లాగాలి, అంతలోపే కూత వస్తుంది. పెద్దలు వినయంతో మైకుకు దూరంగా నిలబడుతుంటారు. వారి దగ్గరకు వెళ్ళి మైకునే వారి ముందుకు జరపడం నిర్వాహకుడి పని. మైకును నోటికి ఎదురుగా కాకుండా కాస్త పక్కకు వంచి పెడితే ప, ఫ, బ, భ పలికినప్పుడు గాలి దెబ్బ తగలదు. మైకు జాలీని గుప్పిట్లో మూసి పట్టుకుంటే వెనక వైపు నుంచి వచ్చే శబ్దాన్ని పట్టుకోకుండా వదిలేసే దాని గుణం పోయి కూత మొదలవుతుంది. ఊదడం, వేలితో కొట్టడం కన్నా రెండు మాటలు మాట్లాడి పరీక్షించడమే మైకుకు క్షేమం.

లౌడ్ స్పీకరుకు ముందుగా రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బహిరంగ స్థలంలో వాడకూడదు. పండుగల వంటి సందర్భాలకు ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి 12 వరకు రాష్ట్ర ప్రభుత్వం సడలింపు ఇవ్వవచ్చు. ఆసుపత్రి, బడి చుట్టూ ప్రభుత్వం ప్రకటించిన నిశ్శబ్ద మండలం 100 మీటర్ల వరకు ఉంటుంది. స్పీకర్లను పందిరిలోపలికే వంచి కట్టుకుంటే పరీక్షలకు చదువుకునే పిల్లలున్న పక్క వీధికి ఇబ్బంది తగ్గుతుంది.

ముగించేటప్పుడు ముందు ఆంప్లిఫయర్ ఆపి, తరువాతే మైకులు విప్పాలి. సెట్టు నడుస్తున్నంతసేపూ దాని గాలి రంధ్రాల మీద తువ్వాలు కప్పకూడదు, ఆపాక వేడి చల్లారనిచ్చి మూయాలి. వైర్లను మోచేతికి బిగించి చుట్టకుండా వెడల్పాటి చుట్టలుగా చుట్టాలి. హారన్లను మూతి కిందికి ఉండేలా బోర్లించి గుడ్డ కట్టి పెట్టాలి, లేకపోతే మళ్ళీ పండుగ వచ్చేసరికి గొట్టంలో కందిరీగలు మట్టి గూళ్ళు కడతాయి.