నట్టు బిగిస్తున్నా నిలవడం లేదా? ముందు వాషర్ తీసి చూడండి

మా రిపేరు పనిలో ఎక్కువగా వినపడే మాట, "ఎంత బిగించినా మళ్ళీ వదులవుతోందండీ". అలాంటప్పుడు పెద్ద పానా కోసం వెతక్కండి. నట్టు విప్పి, కింద ఉన్న వాషర్‌ను వెలుతురులో పెట్టి రెండు వైపులా చూడండి. జబ్బేమిటో చాలావరకు అక్కడే తెలిసిపోతుంది.

సమస్య: పిండిమర మోటారు బోల్టులు వారానికోసారి వదులవుతున్నాయి, బెల్టు జారి కీచుమంటోంది

కారణం: మోటారు కూర్చునే పట్టాలో ఉండేది గుండ్రటి రంధ్రం కాదు. బెల్టు బిగువు సరిచేసుకోవడానికి పెట్టిన పొడవాటి గాడి. ఎం12 (12 మి.మీ. వ్యాసం) బోల్టుకు వచ్చే మామూలు ప్లేటు వాషర్ బయటి వ్యాసం 24 మి.మీ., మందం 2.5 మి.మీ. గాడి వెడల్పు 16 మి.మీ. ఉందనుకోండి, వాషర్‌కు అటూ ఇటూ నాలుగేసి మిల్లీమీటర్ల ఆధారమే దొరుకుతుంది. గాడి పొడవున అసలు ఆధారమే లేదు. బిగించేకొద్దీ వాషర్ మూకుడులా వంగి గాడిలోకి దిగుతుంది.

బోల్టును బిగిస్తే రవ్వంత సాగుతుంది, ఆ సాగుడే దాని పట్టు. వాషర్ కుంగిందంటే ఆ పట్టు పోయినట్టే. అనుమానముంటే విప్పిన వాషర్‌ను అద్దం ముక్క మీద పెట్టండి. వంగినదైతే ఊగుతుంది. అడుగువైపు గాడి అంచులు ఒరుసుకున్న రెండు మెరుపు చారలూ కనిపిస్తాయి.

పరిష్కారం: మెయిన్ ఆపేయండి. 40 మి.మీ. వెడల్పు, 6 మి.మీ. మందం ఉన్న ఇనుప పట్టీ నుంచి చదరపు ముక్కలు కోయించి, 13 మి.మీ. రంధ్రం వేయించి, గాడి మీద అవే వేయండి. ఆ పైన స్ప్రింగ్ వాషర్ (ఒకచోట కోసి మెలితిప్పిన రింగు), దాని మీద నట్టు. స్ప్రింగ్ వాషర్‌ను నేరుగా గాడి మీద పెట్టేవాళ్ళున్నారు. దాని కోసిన అంచు గాడిలో ఇరుక్కుంటుంది, అలా చేయకండి.

"స్ప్రింగ్ వాషర్ వేశాం కదా, ఇంకెందుకు వదులవుతుంది?" అని అడుగుతారు. పూర్తిగా బిగిశాక అది చదునైపోతుంది. ఆ తర్వాత అదీ ఒక ప్లేటు వాషరే. అటూ ఇటూ పక్కకు కదిలే అదురుకు నట్టు తనంతట తానే తిరిగి వదులవుతుందని జర్మన్ ఇంజినీరు గెర్హార్డ్ యుంకర్ 1969లో ప్రయోగాలతో చూపించాడు. ఆ అదురును స్ప్రింగ్ వాషర్ ఆపలేదు. అదురు ఎక్కువున్న చోట నైలాక్ నట్టు, అంటే లోపల నైలాన్ రింగు ఉన్న నట్టు వేయండి. చేతి వేళ్ళతోనే సులువుగా తిరుగుతుంటే లోపలి నైలాన్ అరిగినట్టే, దాన్ని మార్చేయాలి.

సమస్య: రేకుల కప్పు సరిగ్గా బోల్టు దగ్గరే కారుతోంది

కారణం ఒకటి: రంధ్రం రేకు పల్లంలో పడింది. నీళ్ళు పారేదే అక్కడ, ఏ వాషర్ వేసినా ఎక్కువకాలం ఆగదు. ఆ రంధ్రం మూసి, గట్టు మీద కొత్తది వేసుకోవాలి.

కారణం రెండు: రబ్బరు వాషర్‌ను చితికేలా బిగించారు. స్క్రూతో వచ్చే రబ్బరు ఇనుప టోపీ అంచు దగ్గర చుట్టూ సమానంగా కొద్దిగా కనిపిస్తే బిగింపు సరిపోయినట్టు. పువ్వులా బయటికి విచ్చుకుంటే ఎక్కువైనట్టు, ఎండకు అది పగిలిపోతుంది. అసలు కనిపించకపోతే ఇంకా బిగించాలి. సిమెంటు రేకులకు జె కొక్కెం (జె ఆకారంలో వంచిన బోల్టు) వాడితే ముందు డాంబర్ వాషర్, దాని మీద గిన్నె ఆకారపు జీఐ వాషర్, ఆపైన నట్టు. ఈ వరుస తారుమారు కాకూడదు. పాత ఆస్బెస్టాస్ రేకులకు మాత్రం మీరు రంధ్రాలు వేయకండి. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు ప్రమాదం.

సమస్య: కుళాయి ఎంత తిప్పినా చుక్కలు ఆగడం లేదు

పాతరకం స్పిండిల్ కుళాయి అయితే లోపలి రబ్బరు వాషర్ మీద గుండ్రటి లోతైన గాడి పడి ఉంటుంది. గట్టిగా తిప్పేకొద్దీ ఆ గాడి ఇంకా లోతవుతుంది. కొత్త వాషర్ వేసినా కారితే సీటు, అంటే వాషర్ ఆనుకునే లోపలి అంచు అరిగింది, వేలితో తడిమితే గరుకు తగులుతుంది. సీటును రీమర్‌తో (అరగదీసే పనిముట్టు) నున్నగా చేయించాలి. పావు చుట్టు తిప్పితే తెరుచుకునే క్వార్టర్ టర్న్ కుళాయిల్లో ఈ వాషర్ ఉండదు, లోపలి కార్ట్రిడ్జ్ మొత్తం మార్చాలి.

సమస్య: మెషిన్ ప్యానెల్ తాకితే జిల్లుమంటోంది

ఎర్త్ తీగ బోల్టు పెయింటు మీదే కూర్చుని ఉండవచ్చు. మెయిన్ ఆపి, పెయింటు గీకి, స్టార్ వాషర్ వేయండి. దాని పళ్ళు లోహంలోకి దిగి పట్టుకుంటాయి. కరెంటు బాడీకి ఎందుకు వస్తోందో మాత్రం ఎలక్ట్రీషియన్‌తో తప్పక చూపించండి. ఎర్త్ సరిచేసినంత మాత్రాన అసలు లోపం పోదు.

సమస్య: ఆయిల్ మార్చిన దగ్గర్నుంచి డ్రెయిన్ బోల్టు (పాత ఆయిల్ వదిలే బోల్టు) దగ్గర చెమర్చుతోంది

పాత రాగి వాషరే మళ్ళీ వేశారు. ఒకసారి నలిగిన రాగి గట్టిపడుతుంది, రెండోసారి ఒదగదు. కొత్తది వేయడమే మేలు. దొరక్కపోతే పాతదాన్ని మసక ఎరుపు వచ్చేదాకా కాల్చి చల్లార్చండి, మళ్ళీ మెత్తబడుతుంది. నీళ్ళలో ముంచినా ఫర్వాలేదు. ఉక్కులా రాగి ముంచితే గట్టిపడదు. పైన పట్టిన నల్లటి పొరను మాత్రం సన్న ఎమరీ కాగితంతో తీసేసి వేయండి.